అవధి లేని కాలాంతరం (కంప్యూటరు ప్రోగ్రామింగు)

అవధి లేని కాలాంతరం అనగా ప్రారంభం గాని, ముగింపు గాని, లేదా ఆ రెండూ గాని ఒక నిర్దిష్ట క్షణంతో నిర్ణయింపబడని కాలాంతరం. ఆంగ్లంలో దీనిని ఓపెన్-ఎండెడ్ ఇంటర్వల్ అని వ్యవహరిస్తారు. "2014 జూన్ 2 నుండి", "1956 నవంబరు 1కి పూర్వం", "ఎల్లప్పుడూ" అనే పదబంధాలు మూడూ ఇటువంటి కాలాంతరాలనే సూచిస్తాయి. తేదీలను, సమయాలను లెక్కించుటకు ప్రోగ్రామర్లు ఉపయోగించే సిద్ధ సాధనాలను తేదీ లైబ్రరీలు అంటారు. ఈ లైబ్రరీలలో అవధి లేని కాలాంతరాన్ని ఏ విధంగా సూచించాలి అనేది చిన్న ప్రశ్నగా కనిపించినా, ఉద్యోగుల సేవాకాలం, బీమా, అద్దె ఒప్పందాలు, చట్టాల అమలు వంటి లెక్కలన్నీ దీనిపై ఆధారపడి ఉన్నాయి.

మనుషుల భాషలో "నుండి" అనే ఒక్క మాటతో తీరిపోయే విషయం కంప్యూటరుకు చిక్కు తెచ్చిపెడుతుంది. తేదీ కొరకు కేటాయించిన గడిలో తేదీ మాత్రమే పడుతుంది. "ముగింపు లేదు" అనేది తేదీ కాదు. దానిని తేదీ రూపంలో వ్రాస్తే ఒక విధమైన తప్పులు, గడిని ఖాళీగా వదిలితే మరొక విధమైన తప్పులు దొర్లుతాయి.

మౌలిక భావనలు

తేదీ లైబ్రరీలలో మూడు భావనలను వేరు వేరుగా గుర్తించాలి. కాలరేఖపై ఒక బిందువు క్షణం. రెండు క్షణాల మధ్య గల దూరం వ్యవధి. "మూడు గంటలు", "పది రోజులు" అనేవి వ్యవధులు. కాలరేఖపై ఒక చోట మొదలై మరొక చోట ముగిసే భాగం కాలాంతరం. వ్యవధికి పొడవు మాత్రమే ఉంటుంది, కాలాంతరానికి పొడవుతో పాటు స్థానం కూడా ఉంటుంది. అవధి లేని కాలాంతరానికి స్థానం ఉంటుంది గాని, కొలవదగిన పొడవు ఉండదు.

గణితశాస్త్రంలోని వివృతాంతరం వేరు, ఇక్కడ చెప్పబడే అవధి లేని కాలాంతరం వేరు. వివృతాంతరంలో రెండు కొసలూ నిర్దిష్ట సంఖ్యలే, కాని ఆ సంఖ్యలు అంతరంలో చేరవు. అవధి లేని అంతరంలో కొస అనేదే ఉండదు. పాఠ్యపుస్తకాలలో [a, ∞) అని వ్రాసేది ఈ రెండవ రకం.

చాలా లైబ్రరీలు కాలాంతరాన్ని అర్ధవివృతంగా, అనగా ప్రారంభాన్ని చేర్చి ముగింపును మినహాయించి భావిస్తాయి. హైదరాబాదు నగరం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలో ఉన్న కాలం [1956-11-01, 2014-06-02). తెలంగాణ రాష్ట్రంలో ఉన్న కాలం [2014-06-02, ). మొదటి దాని ముగింపు, రెండవ దాని ప్రారంభం ఒకే తేదీ. అయినను 2014 జూన్ 2 రెండింటిలోనూ పడదు, దేనిలోనూ పడకుండానూ పోదు. రెండవ కాలాంతరంలో కామా తరువాతి ఖాళీయే ఈ వ్యాసానికి విషయం.

ఖాళీకి గల అర్థాలు

ముగింపు గడి ఖాళీగా ఉన్నప్పుడు దానికి కనీసం నాలుగు అర్థాలు ఉండవచ్చు.

1. ఇంకా ముగియలేదు. పైన పేర్కొన్న హైదరాబాదు ఉదాహరణ ఇటువంటిది. ఇప్పటికి కొనసాగుతున్నదని మాత్రమే దీని అర్థం. భవిష్యత్తును గూర్చి ఇది ఏమీ చెప్పదు.

2. ఎన్నటికీ ముగియదు. భారతదేశంలో ఒక రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 సంవత్సరాలు గడచిన పిదప ఆయన జీవితకాలంలో ప్రచురితమైన రచనలపై కాపీహక్కు తొలగిపోతుంది. నియమం ప్రకారం ఆ పిమ్మట అవి సార్వజనికాలుగానే ఉంటాయి. ఇక్కడ ముగింపు లేకపోవడం నియమంలోనే ఇమిడి ఉన్నది.

3. ముగిసినది, కాని ఎప్పుడో తెలియదు. శాసనాల ద్వారా పాలన మొదలైన సంవత్సరం మాత్రమే తెలిసి, చివరి సంవత్సరం తెలియని రాజుల విషయంలో ఇట్లు జరుగుతుంది. ఆ పాలన నేటికీ కొనసాగుతున్నదని ఎవరూ అనుకోరు. కంప్యూటరు మాత్రం అనుకొనవచ్చును.

4. నమోదు చేయలేదు. ముగింపు తేదీ ఎక్కడో ఉన్నది, కాని వివరాలు ఎక్కించినవారు దానిని వ్రాయలేదు.

వీటికి తోడు ముగింపు తెలియకపోయినా దాని గరిష్ఠ హద్దు తెలిసిన సందర్భాలు కూడా కలవు. 2014 నాటి ఆంధ్ర ప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం హైదరాబాదును పది సంవత్సరాలకు మించని కాలానికి ఉమ్మడి రాజధానిగా నిర్ణయించింది. 2014లో చూచినవారికి ఆ కాలం ఏ నాడు ముగుస్తుందో తెలియదు, 2024 జూన్ 2ను దాటదని మాత్రం తెలుసు. అటువంటి కాలాంతరాన్ని "అవధి లేనిది" అని వ్రాస్తే తెలిసిన విషయాన్ని పారవేసినట్లే. 2024 జూన్ 2ను ముగింపుగా వ్రాస్తే ఆనాటికి తెలియని విషయాన్ని తెలిసినట్లు చెప్పినట్లే.

వికీడేటాలో ఈ భేదాన్ని పాటిస్తారు. అక్కడ ఒక అంశానికి ముగింపు సమయాన్ని తేదీగా గాని, "విలువ లేదు" అని గాని, "విలువ తెలియదు" అని గాని వ్రాయవచ్చు. లేదా ఏమీ వ్రాయకుండా వదిలివేయవచ్చు. ఈ నాలుగూ నాలుగు వేర్వేరు వాక్యాలు.

సూచించే పద్ధతులు

శూన్య విలువ

ముగింపు గడిలో నల్ అనబడే శూన్య విలువను ఉంచడం అత్యంత ప్రచారంలో ఉన్న పద్ధతి. ఇది సులభమైనది, అబద్ధపు తేదీని సృష్టించదు. కాని పై నాలుగు అర్థాలలో దేనిని ఉద్దేశించారో నల్ తనంతట తాను చెప్పదు.

డేటాబేసు భాషయైన ఎస్‌క్యూఎల్‌లో మరొక ప్రమాదం ఉన్నది. అక్కడ నల్‌ను దేనితో పోల్చినా ఫలితం "అవును" కాదు, "కాదు" కూడా కాదు, "తెలియదు" అవుతుంది. ఫలితం "అవును" అయిన వరుసలనే ప్రశ్న తిరిగి ఇస్తుంది. కావున "ముగింపు తేదీ నేటి కంటె తరువాత ఉన్న ఉద్యోగులు" అని అడిగితే, ముగింపు లేని ఉద్యోగులందరూ, అనగా ప్రస్తుతం పనిచేస్తున్నవారే, జాబితా నుండి జారిపోతారు. ఏ దోష సందేశమూ రాదు. జాబితా చిన్నదవుతుంది, అంతే. "లేదా ముగింపు నల్ అయినచో" అనే షరతును ప్రతి ప్రశ్నలోనూ చేర్చడమే దీనికి విరుగుడు.

జావా భాషకు చెందిన జోడా-టైమ్ లైబ్రరీలో నల్‌కు పూర్తిగా వేరొక అర్థం కలదు. అక్కడ క్షణం స్థానంలో నల్ ఇస్తే "ఇప్పుడు" అని గ్రహిస్తుంది. ముగింపు లేదనే ఉద్దేశంతో ఒకరు నల్ ఇస్తే, కాలాంతరం తయారైన క్షణమే దాని ముగింపుగా స్థిరపడిపోతుంది. ఆ లైబ్రరీలోని కాలాంతరానికి రెండు కొసలూ తప్పనిసరి.

దూరపు తేదీ

ఎవరికీ అవసరపడనంత దూరంలో ఉన్న ఒక తేదీని ముగింపుగా వ్రాయడం మరొక పాత పద్ధతి. 9999 డిసెంబరు 31 దీనికి ప్రసిద్ధి చెందినది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016లోని కాలచరిత్ర పట్టికలలో ప్రస్తుత వరుసల ముగింపు ఆ తేదీనాటి చివరి క్షణమే. అంతర్జాలంలో ఉపయోగించే డిజిటల్ ధ్రువపత్రాలకు సంబంధించి 2008లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 5280 కూడా గడువు లేని ధ్రువపత్రానికి 9999 డిసెంబరు 31, 23 గంటల 59 నిమిషాల 59 సెకన్లను వ్రాయమని చెబుతుంది.

ఈ పద్ధతిలో పోలికలు తేలిక. ఏ తేదీయైనా 9999 కంటె ముందే ఉంటుంది కావున ప్రత్యేక షరతులు అక్కరలేదు. చిక్కులు వేరే చోట ఉన్నాయి.

మొదటిది, పొడవు లెక్క. 2014లో చేరి నేటికీ పనిచేస్తున్న ఉద్యోగి సేవాకాలాన్ని ముగింపు నుండి ప్రారంభాన్ని తీసివేసి గణిస్తే 7,985 సంవత్సరాలు వస్తుంది. ఒక్క వరుసలో అయితే ఎవరైనా గుర్తుపడతారు. వందలాది ఉద్యోగుల సగటులో కలిసిపోయినప్పుడు తప్పు ఎక్కడ ఉన్నదో తెలుసుకొనుట కష్టం.

రెండవది, ఇతర వ్యవస్థల హద్దులు. 32 బిట్ల సంఖ్యతో 1970 నుండి సెకన్లను లెక్కించే వ్యవస్థలు 2038 జనవరి 19 దాటి చూడలేవు. పైథాన్ భాషలో బహుళ ప్రచారంలో ఉన్న పాండాస్ లైబ్రరీ కాలాన్ని 64 బిట్ల సంఖ్యలో నానోసెకన్లుగా నిల్వ చేసినప్పుడు 1677 సెప్టెంబరు 21 నుండి 2262 ఏప్రిల్ 11 వరకు మాత్రమే సూచించగలదు. 9999 గల పట్టికను అందులోకి తెచ్చినచో హద్దు మీరినదని దోషం చూపుతుంది. 2023 నాటి 2.0 వెర్షను నుండి సెకన్లు, మిల్లీసెకన్లు, మైక్రోసెకన్లలో కూడా నిల్వ చేసే వీలు కల్పించారు.

మూడవది, కాలమండలాల మార్పు. పైథాన్ ప్రామాణిక లైబ్రరీలో చివరి సంవత్సరం 9999. ఆ సంవత్సరపు చివరి క్షణాన్ని అంతర్జాతీయ సమయం నుండి భారతీయ ప్రామాణిక సమయానికి మార్చాలంటే ఐదున్నర గంటలు కలపాలి. అప్పుడు 10000వ సంవత్సరం వస్తుంది, ప్రోగ్రాము ఆగిపోతుంది. ముగింపు లేదని చెప్పుటకు వ్రాసిన తేదీకే ఇక్కడ ముగింపు ఎదురవుతుంది.

అనంతం అనే విలువ

కొన్ని లైబ్రరీలు తేదీల వరుసకు రెండు వైపులా ధన అనంతం, ఋణ అనంతం అనే రెండు కృత్రిమ విలువలను చేర్చాయి. సీ ప్లస్ ప్లస్ భాషకు చెందిన బూస్ట్ డేట్-టైమ్ లైబ్రరీలో ఈ రెండింటితో పాటు "తేదీ-సమయం కాదు" అనే మూడవ విలువ కూడా కలదు. అందువలన "ముగియదు" అనుటకు, "తెలియదు" అనుటకు వేర్వేరు గుర్తులు లభిస్తాయి. పెర్ల్ భాషలోని డేట్‌టైమ్ మాడ్యూలులో అనంత భవిష్యత్తుకు, అనంత భూతకాలానికి వేర్వేరు క్లాసులు ఉన్నాయి.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేసులో అనంతం అనే విలువయూ కలదు, 2012 నాటి 9.2 వెర్షను నుండి అంతరాలకు ప్రత్యేక రకాలూ కలవు. ఇందులో ఒక సూక్ష్మం గమనించదగినది. ముగింపును ఖాళీగా వదలిన అంతరం వేరు, ముగింపుగా అనంతం అనే విలువను వ్రాసిన అంతరం వేరు. మొదటి దానికి పై అవధి లేదు. రెండవ దానికి పై అవధి ఉన్నది, దాని పేరు అనంతం. ఎగువ అవధి లేదా అని అడిగే ప్రమేయం మొదటి దానికి "అవును" అని, రెండవ దానికి "కాదు" అని బదులిస్తుంది. ఒకే పట్టికలో రెండు విధాలుగానూ వ్రాస్తే కొనసాగుతున్న వరుసలలో సగమే దొరికే అవకాశం ఉన్నది.

కాలాంతరంలోనే గుర్తు

ముగింపు లేదనే విషయం తేదీకి చెందిన గుణం కాదు, కాలాంతరానికి చెందిన గుణం. ఈ ఆలోచనతో కొన్ని లైబ్రరీలు తేదీ రకాన్ని మార్చకుండా కాలాంతరపు రకంలోనే ఈ సమాచారాన్ని ఉంచాయి.

డాట్ నెట్ వేదికకు చెందిన నోడా టైమ్ 2017 నాటి 2.0 వెర్షను నుండి ఈ మార్గాన్ని అనుసరించింది. అక్కడ కాలాంతరాన్ని "నీకు ముగింపు ఉన్నదా?" అని ముందుగా అడగవచ్చు. అడగకుండా ముగింపును గాని, పొడవును గాని కోరితే, అది లేనప్పుడు లైబ్రరీ దోషాన్ని చూపుతుంది. తప్పు సమాధానం ఇచ్చుట కంటె సమాధానం ఇవ్వకపోవుట మేలు అనే సూత్రం ఇందులో ఉన్నది.

2014 మార్చిలో విడుదలైన జావా 8లోని కొత్త కాల లైబ్రరీలో కాలాంతరానికి రకం లేదు. దానికి అనుబంధమైన త్రీటెన్-ఎక్స్‌ట్రా ఆ లోటును తీర్చింది. అది బయటకు "ప్రారంభావధి లేదు", "ముగింపు అవధి లేదు" అనే ప్రశ్నలకు సమాధానమిస్తుంది. లోపల మాత్రం సూచింపదగిన కనిష్ఠ, గరిష్ఠ తేదీలనే ఉపయోగిస్తుంది. అందులో అవధి లేని తేదీల అంతరానికి రోజుల సంఖ్య అడిగితే 2147483647 వస్తుంది. ఇది 32 బిట్లలో పట్టే గరిష్ఠ సంఖ్య, గుర్తు మాత్రమే. తెలియక దీనిని సంవత్సరాలలోకి మారిస్తే 58 లక్షలకు పైగా వస్తాయి.

రూబీ భాషలో 2018 నాటి 2.6 వెర్షనులో ముగింపు లేని శ్రేణులు, 2019 నాటి 2.7లో ప్రారంభం లేని శ్రేణులు భాషలోనే భాగమైనాయి. తేదీ తరువాత రెండు చుక్కలు పెట్టి ఆపివేస్తే చాలు.

ప్రమాణాలు

తేదీలను వ్రాయు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601. ఇందులో కాలాంతరాన్ని రెండు తేదీల మధ్య వాలుగీతతో వ్రాస్తారు. 2019లో వెలువడిన దీని రెండవ భాగం అవధి లేని కొసకు రెండు చుక్కలను నిర్ణయించింది. "2014-06-02/.." అనగా ముగింపు అవధి లేదు. "2014-06-02/" అని వాలుగీత తరువాత ఖాళీగా వదిలితే ముగింపు తెలియదు. రెండు చుక్కల భేదంతో రెండు అర్థాలు విడిపోయాయి.

క్యాలెండరు ప్రోగ్రాములు పరస్పరం సమాచారం పంచుకొను ఐక్యాలెండర్ ప్రమాణం (ఆర్‌ఎఫ్‌సీ 5545, 2009) నుండి మరొక పాఠం గ్రహించవచ్చు. అందులో ముగింపు వ్రాయని కార్యక్రమం అవధి లేనిది కాదు. ప్రారంభం తేదీ మాత్రమే అయితే కార్యక్రమం ఆ ఒక్క రోజుతో ముగుస్తుంది; గంటతో సహా ఇచ్చినట్లయితే అదే క్షణంలో ముగుస్తుంది. పునరావృత నియమంలో ముగింపు వ్రాయకపోతే మాత్రం కార్యక్రమం ఎల్లకాలం పునరావృతమవుతుంది. ఒకే ప్రమాణంలో ఖాళీకి మూడు అర్థాలు.

ప్రపంచ కాలమండలాల చరిత్రను భద్రపరచు టీజెడ్ డేటాబేసులో ప్రతి మండలానికి వరుసగా కాలాంతరాలు ఉంటాయి. చివరి వరుసలో ముగింపు గడి ఖాళీ. భారతదేశానికి సంబంధించిన మండలంలో రెండవ ప్రపంచ యుద్ధకాలపు ఆరున్నర గంటల సమయం 1945 అక్టోబరు 15న ముగిసి, ఐదున్నర గంటల వరుస మొదలవుతుంది. దానికి ముగింపు లేదు.

కాలాంతరాలపై క్రియలు

అవధి లేని కొసను అనంతంగా భావించినచో నియమాలు ఈ విధంగా ఉంటాయి.

* చేరిక: ఒక క్షణం కాలాంతరంలో ఉన్నదా అని చూచునప్పుడు, లేని కొసకు సంబంధించిన షరతు నెరవేరినట్లే భావించాలి.
* అతివ్యాప్తి: మొదటి దాని ప్రారంభం రెండవ దాని ముగింపు కంటె ముందు, రెండవ దాని ప్రారంభం మొదటి దాని ముగింపు కంటె ముందు ఉంటే రెండూ ఒకదానిపై ఒకటి పడతాయి. లేని కొస గల షరతు ఇక్కడ కూడా నెరవేరినట్లే.
* ఛేదనం: రెండింటికీ ఉమ్మడియైన భాగానికి ముగింపు, రెండు ముగింపులలో ముందుది. ఒకదానికి ముగింపు లేకపోతే రెండవ దాని ముగింపే నిలుస్తుంది.
* ఆవరణ: రెండింటినీ కప్పు కాలాంతరానికి ముగింపు, రెండింటిలో తరువాతిది. ఒకదానికి ముగింపు లేకపోతే ఆవరణకు కూడా ముగింపు లేదు.
* పూరకం: [2014-06-02, ) కాని కాలమంతా ( , 2014-06-02). రెండు కొసలూ గల కాలాంతరానికి పూరకం ఇరువైపులా అవధి లేని రెండు ముక్కలు. అవధి లేని కాలాంతరాలను సూచించలేని లైబ్రరీలో "ఈ కాలం తప్ప" అనే మాటకు చోటు లేదు.

ఛేదనంలో లేని కొస ఓడిపోతుంది, ఆవరణలో గెలుస్తుంది. శూన్య విలువకు ఈ విచక్షణ లేదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో కొన్ని విలువలలో కనిష్ఠం, గరిష్ఠం ఎంచు ప్రమేయాలు నల్‌ను విస్మరిస్తాయి. ఇది ఛేదనానికి సరిపోతుంది, ఆవరణకు తప్పు సమాధానం ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఒక్క నల్ ఉన్నా ఫలితం నల్. ఇది ఆవరణకు సరిపోతుంది, ఛేదనానికి తప్పు.

జేమ్స్ ఆలెన్ 1983లో రెండు కాలాంతరాల మధ్య గల సంబంధాలను 13 రకాలుగా వర్గీకరించాడు. వాటిలో "రెండూ ఒకేసారి ముగుస్తాయి" అనే సంబంధం ఇక్కడ పరీక్షకు నిలుస్తుంది. వేర్వేరు రోజులలో మొదలై నేటికీ కొనసాగుతున్న రెండు ఉద్యోగాలు ఒకేసారి ముగుస్తాయా? అనంతంగా తలిస్తే "అవును", ఇంకా ముగియలేదని తలిస్తే "చెప్పలేము".

"ఇప్పుడు" అనే సమస్య

కొనసాగుతున్న కాలాంతరపు ముగింపు ఒక విధంగా "ఇప్పుడు". కాని "ఇప్పుడు" అనేది కదిలే బిందువు. దానిని తేదీగా వ్రాసిన మరునాడే అది నిన్నటి తేదీ అవుతుంది, కొనసాగుతున్నది ముగిసినట్లు కనిపిస్తుంది. డేటాబేసులలో "ఇప్పుడు"కు గల అర్థాన్ని క్లిఫర్డ్, డైరెసన్, ఇసాకోవిట్జ్, జెన్సెన్, స్నాడ్‌గ్రాస్ 1997లో ఒక పరిశోధన పత్రంలో విస్తారంగా చర్చించారు.

"ఇప్పటి వరకు" అనుటకు, "ఎల్లకాలం" అనుటకు గల భేదం భవిష్యత్తును ప్రశ్నించినప్పుడు బయటపడుతుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వేసవి సమయాన్ని పాటించే నియమం టీజెడ్ డేటాబేసులో ఒకప్పుడు "1987 నుండి గరిష్ఠం వరకు" అని ఉండేది. 2005లో చేసిన చట్టం 2007 నుండి వేసవి సమయపు మొదటి, చివరి రోజులను మార్చింది. అప్పుడు "గరిష్ఠం" స్థానంలో 2006 వచ్చి చేరింది. పాత పట్టికలతో నడిచిన ప్రోగ్రాములు 2007 వసంతంలో కొన్ని వారాల పాటు ఒక గంట తేడాగా చూపాయి. పట్టికలో ఉన్నది శాశ్వత నియమం కాదు, మార్చబడే వరకు సాగే నియమం. దానిని శాశ్వతమని నమ్మి ముందుగానే లెక్కించి ఉంచుకొన్న భవిష్యత్ సమయాలన్నింటినీ తిరిగి లెక్కించవలసి వచ్చింది.

ఎంపిక

అన్ని అవసరాలకు సరిపోయే పద్ధతి ఒకటి లేదు. క్రొత్త ప్రోగ్రాములలో ముగింపు లేదనే విషయాన్ని కాలాంతరపు రకంలోనే ఉంచుట సురక్షితం. డేటాబేసులో అంతర రకాలు లేనిచోట నల్ గాని, దూరపు తేదీ గాని తప్పకపోవచ్చు. అప్పుడు ఏదో ఒక్క పద్ధతినే అంతటా పాటించి, దాని అర్థాన్ని పట్టిక వివరణలో వ్రాసి ఉంచాలి. "తెలియదు" అనుటకు వేరొక గడి ఏర్పరచాలి. పొడవు అడిగినప్పుడు "ఏ తేదీ నాటికి?" అనే ప్రశ్నకు సమాధానం తీసుకొనిన తరువాతనే లెక్కించాలి. 2014లో చేరిన ఉద్యోగి సేవాకాలం 2024 జూన్ 2 నాటికి ఎంత అనుటకు సమాధానం కలదు. నాటి తేదీ లేకుండా ఎంత అనుటకు లేదు.

ఇవి కూడా చూడండి

* అనంతం
* ఐఎస్ఓ 8601
* భారతీయ ప్రామాణిక కాలమానం
* 2038 సమస్య
* డేటాబేసు